వదులంటే గిట్టని ఆర్విడ్

మా ఊళ్ళో తుపాకులు బాగుచేసే ఆర్విడ్ టోర్గర్సన్‌కి ఈ లోకంలో గిట్టనిది ఒక్కటే: వదులుగా ఉన్న వస్తువు. కుర్చీ కనబడితే కూర్చోడు, ముందు ఊపి చూస్తాడు. తలుపు గడియ, బల్ల కాలు, కాఫీ కప్పు చెవి, ఏదైనా సరే రెండు వేళ్ళతో పట్టుకుని కదిపి, చెవి దగ్గర పెట్టుకుని తీర్పు చెబుతాడు. కదిలితే "వదులు". కదలకపోతే "గట్టి". అరవై ఏళ్ళలో ఆ తీర్పు తప్పింది లేదు.

చర్చికి కొత్త బెంచీలు కొనిపించాలని పాస్టరు ఓసారి ఆశపడ్డాడు. పాతవన్నీ ఊగుతున్నాయని ఒక్కమాట చెప్పమని ఆర్విడ్‌ని బతిమాలాడు. ఆదివారం నాడు ఆర్విడ్ ప్రార్థన మధ్యలో లేచి పధ్నాలుగు బెంచీలూ ఊపి, "పదమూడు గట్టి. ఒకటి వదులు. దాన్నీ ఇప్పుడే బిగించేశాను" అని కూర్చున్నాడు.

నేను ఆ ఊళ్ళో ఉత్తరాలు పంచేవాణ్ణి. నా సంచీ పట్టీ బిగించనిదే నన్ను కొట్లోంచి కదలనిచ్చేవాడు కాదు. "ఈయనతో ఎలా వేగుతున్నావమ్మా?" అని ఆయన భార్య ఇంగ్రిడ్‌ని అడిగాను.

"పెళ్ళిలో ఉంగరం తొడిగి, ఊపి చూశాడు బాబూ. గట్టి అని తేలాకే ముద్దు పెట్టాడు" అంది.

అలాంటి కొట్టుకి ఓ పొద్దున లైల్ హాక్‌బార్త్ వచ్చాడు. ఎనభై ఒకటి నిండినవాడు. సైన్యంలో తను వాడినదానిలాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తోనే మా తుపాకీ క్లబ్బు పోటీలో నలభై ఆరేళ్ళుగా కాలుస్తున్నాడు. ఈమధ్య రెండు పోటీల్లో గుళ్ళు ఎటు పడితే అటు పోయాయి. లైల్ చేతులు కాస్త వణకడం అందరూ చూశారు. "ఈసారీ రెండొందలకి నూట యాభై దాటకపోతే, ఇక కాల్చడం మానేసి మాతోపాటు పాయింట్లు రాసే బల్ల దగ్గర కూర్చోవాల్సిందే" అని క్లబ్బు పెద్ద మార్లిస్ నొచ్చుకుంటూనే చెప్పేసింది.

లైల్ రైఫిల్‌ని బల్లమీద పెట్టాడు. "దీన్ని ఎవరికైనా అమ్మిపెట్టు ఆర్విడ్. వాళ్ళు వెళ్ళమనేలోగా నేనే వెళ్తాను."

ఆర్విడ్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తూటా లేదని రెండుసార్లు చూసుకుని, గొట్టం కొస పట్టుకుని కదిపి, చెవి ఆనించాడు.

"వదులు."

"ఎవరు, నేనా?"

"నువ్వు కాదురా ముసలోడా! గ్యాస్ సిలిండర్. పేలిన గుండు వెనకాల వచ్చే గ్యాసుని పట్టి తరవాతి తూటాని ఎక్కించేది ఇదే. గురి చూసే ముందరి ముల్లు దీని నెత్తిమీదే కూర్చుంటుంది. ఇది కదిలితే గురీ కదుల్తుంది. ఎన్నాళ్ళకోసారి విప్పుతున్నావు?"

"వారానికి రెండుసార్లే! తుడవొద్దూ? సార్జెంటు అలాగే నేర్పాడు."

"సార్జెంటుకేం, నిన్ను ఖాళీగా కూర్చోనివ్వకుండా నేర్పాడు. విప్పినప్పుడల్లా ఇది కూర్చునే గొట్టంమీది గాళ్ళు అరుగుతాయి. అంత తుడవాలనుంటే నీ ట్రాక్టరు తుడుచుకో!"

మా క్లబ్బులో పాత సైనికులందరిదీ ఇదే జబ్బు. తుపాకీని ప్రేమించి ప్రేమించి అరగదీస్తారు.

ఆర్విడ్ సిలిండర్ని ఊడదీశాడు. గొట్టాన్ని చెక్కముక్కల మధ్య పెట్టి, బల్లకున్న ఇనుప పట్టు వైసులో బిగించి, గాళ్ళ గట్లమీద మొద్దుమొన ఉలి పెట్టి చిన్న సుత్తితో తట్టాడు. అక్కడక్కడ ఇనుము వెంట్రుకవాసి ఉబ్బింది. తొడిగి చూశాడు. తీశాడు. మళ్ళీ తట్టాడు. ఇంగ్రిడ్ పంపిన సూపు చల్లారిపోయింది, మా ఊరి ఉత్తరాలు నా సంచీలోనే ఉండిపోయాయి. చివరికి చెక్కసుత్తితో కొడితే తప్ప సిలిండర్ కదలనంది. ముందున్న మర బిగించి రెండు చేతులతో ఊపాడు. వైసు ఊగింది, బల్ల ఊగింది, సిలిండర్ మాత్రం ఊగలేదు.

"గట్టి. మళ్ళీ విప్పావంటే చేతులు విరుస్తాను."

ఆగస్టు పోటీలో లైల్‌కి నూట అరవై ఎనిమిది వచ్చాయి. నేనైతే చప్పట్లు కొట్టి చేతులు నొప్పిపుట్టించుకున్నాను. కాకపోతే మూడు గుళ్ళు దారి తప్పాయి. మధ్యాహ్నం భోజనంలో సాసేజిల దగ్గర డ్వేన్ అనేవాడు నోరు ఊరుకోక కదిపాడు. "తుపాకీ బాగైంది కదా లైల్, మరి ఆ మూడూ ఎటు పోయాయి? చేతులేనా?"

లైల్ ఆవ సాసు సీసా కింద పెట్టేశాడు. 

ఆర్విడ్ లేచి లైల్ రైఫిల్ తీసుకున్నాడు. ఖాళీ అని చూసుకుని, కొస పట్టి కదిపి, చెవి ఆనించాడు.

"వదులు" అన్నాడు. "నేనే సరిగ్గా బిగించలేదు. వచ్చే పోటీకి ముందు పట్టుకురా లైల్."

"ఓ, అదా సంగతి!" అని డ్వేన్ ఇంకో సాసేజి వడ్డించుకున్నాడు. ఆర్విడ్ చెప్పాక ఇంకెవరికి అనుమానం?

నాకే. జనం పలచబడ్డాక వెళ్ళి నేనూ ఊపి చూశాను. బండరాయిలా ఉంది.

"ఇది గట్టి కదయ్యా!" అన్నాను.

ఆర్విడ్ చెవులదాకా ఎర్రబడ్డాడు. "నువ్వు ఉత్తరాలు పంచుకో పో!"

ఇంతలో లైల్ వచ్చి నా చేతిలోంచి రైఫిల్ అందుకున్నాడు. వణికే రెండు వేళ్ళతో కొస పట్టి కదిపాడు. చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. తరవాత ఆర్విడ్ కేసి చూశాడు.

"నిజమేరా," అన్నాడు, "కొంచెం వదులే. వచ్చే ఏడు పోటీకి ముందు తెస్తాలే."