రాళ్లవాన ఏ వారం పడింది?

బొంబాయి కామాఠీపురాలో మా ఒంటిగదుల చాల్ ముందున్న నాకా కూలీల అడ్డా. అక్కడ పొద్దున్నే పనికోసం నిలబడే పాలమూరు కూలీలను పదకొండేళ్లుగా ఒకటే అడుగుతున్నాను. మీ ఊళ్లో రాళ్లవాన పడిందా, ఎప్పుడు, రాయి ఎంత? చింతగింజంతా, నిమ్మకాయంతా, కోడిగుడ్డంతా? చెప్పింది నోటుబుక్కులో రాసుకుంటాను. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు పట్టినవాణ్ణి. పెద్ద రాళ్లు ఎక్కడ, ఏ వేళకు పడతాయో తెలుసుకోవడానికి పెద్ద చదువులు కావాలని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చూసినవాడు చెప్పాలి, విన్నవాడు రాయాలి.

మొన్నటి ఎండాకాలం, నాగ్‌పాడాలో ఇటుకలు మోసే ఒకామె మా గది గడపలో వచ్చి కూర్చుంది. ఊళ్లో కోతకొచ్చిన ఆమె వరి మొత్తం రాళ్లకు రాలిపోయిందని మరిది ఫోన్ చేస్తే, ఆదివారం పడినట్టు పంట నష్టానికి దరఖాస్తు నేనే రాసిచ్చాను.

"వాపస్ పంపిండ్రు కాకా. ఆ ఐతారం మా ఊర్ల రాళ్లే పడలేదంట. ఎల్లుండి లోపల సబూతు ఇయ్యకుంటే లిస్టుల పేరుండదు. ఇత్తనాలు ఏడికెల్లి తేవాలె? చేను పడావే, బీడే."

నాకు కోపం ఆగలేదు. ఒకరిద్దరు తప్ప ఊరంతా బొంబాయి బండెక్కితే అక్కడ రాళ్లు చూసి చెప్పేదెవరు? చెప్పేవాడు లేడు కాబట్టి వానే పడలేదని రాసేస్తారా? చూపిస్తానుండు అని నోటుబుక్కు తెరిచి, పెద్ద రాళ్లు పడిన రోజులన్నీ బిగ్గరగా చదివాను. ఆదివారం. ఆదివారం. ఆదివారం. రాళ్లు ఆదివారమే ఎక్కువని నాకా మీద గొప్పగా చెప్పుకున్నవాణ్ణి కూడా.

మా ఆవిడ గోకరకాయలు తుంచుతూ తల ఎత్తకుండానే అంది, "ఏమయ్యా, రాళ్లకు గూడ ఐతారమే సుట్టీయా?"

నోటుబుక్కు మళ్లీ మొదటి పేజీకి తిప్పాను. సుట్టీ రాళ్లకు కాదు, కూలీలకు. ఆదివారం పని ఉండదు, ఇంటికి ఫోన్ చేస్తారు, వార్త వింటారు. ఎప్పుడు పడిందని నేనడిగితే విన్న రోజు చెబుతారు. పదకొండేళ్లు నేను రాసింది రాళ్లు పడిన రోజు కాదు, ఫోన్ మోగిన రోజు!

"నీ మరిదికి ఫోన్ చెయ్యి బిడ్డా. పడ్డనాడు ఏం చేస్తున్నాడో అడుగు," అన్నాను ఆమెతో.

ఆమె స్పీకర్ పెట్టింది.

"పొద్దు వాలంగ అంగడికెల్లి వస్తుంటి వదినా. గంప నెత్తిమీద బోర్లించుకొని ఉరికిన."

"అంగడి శుక్కురారం గదా! మరి ఐతారం నాడు చెప్తివి?"

"ఏ దినమని నువ్వు అడిగినవా? ఇననే లేదు, ఏడ్వనే షురూ జేస్తివి."

చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా నాకాకు పోయాను. ఆమె ఊరి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ముగ్గురు దొరికారు. ఈసారి ఎప్పుడని అడగలేదు. అంగడి ముందా తర్వాతా, ఇంట్లోవాళ్లు ఏం చేస్తున్నారు అని అడిగి, అక్కడే వాళ్లతో ఇళ్లకు ఫోన్లు చేయించాను. ముగ్గురిదీ శుక్రవారమే. పడమటి ఊళ్లో అన్నాలు తిని లేస్తుండగా పడింది. తర్వాతి ఊళ్లో బడి వదిలే వేళ, నిమ్మకాయంత రాయి. తూర్పున మేకలు ఇంటికి మళ్లే వేళ, కోడిగుడ్డంత.

పాత క్యాలెండర్ వెనక ఊళ్లను చుక్కలు పెట్టి కలిపాను. ఒకటే గీత! వేర్వేరు వానలు కావు, ఒకే గాలివాన ఊరి తర్వాత ఊరు తొక్కుకుంటూ నడిచింది. నిమ్మకాయ ఊరికీ కోడిగుడ్డు ఊరికీ నడుమ ఆమె చేను. దాన్ని దాటకుండా ఆ మబ్బు ఎట్లా పోతుంది? ఆ నడుమ చోట పెన్నుతో సున్నా చుట్టాను. ఎవరూ చూడని చోట పడిన రాయి నాకు కనిపిస్తోంది.

తప్పు నాదేనని మొదటి వరుసలోనే ఒప్పుకుని, శుక్రవారం తేదీతో, నాలుగు ఊళ్ల వేళలతో కొత్త దరఖాస్తు రాశాను. ఫోటో తీసి మరిదికి పంపాం. అతను మర్నాడే ఆఫీసులో ఇచ్చాడు.

నాలుగో రోజు ఆమె మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది.

"సార్లు చేన్ల దిగి చూసిండ్రు కాకా. లిస్టుల పేరెక్కింది."

నేను కుర్చీలోంచి లేచాను. ఆమె ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

"మా ఊరోళ్లు ఇంకా నలుగురున్నరు. అందరివీ నిన్ననే వాపస్ వచ్చినయి. అందరికీ ఐతారమనే రాసిస్తివి గదా నువ్వు."

"పిలువు బిడ్డా," అన్నాను. "ఇప్పుడే పిలువు."