వదిన నోరు మూసుకున్న రోజు

మా వదిన టీవీ సీరియళ్లలో కంటిన్యుటీ చూస్తుంది. అంటే, హీరో నిన్న గ్లాసు పట్టుకున్న చేత్తోనే ఇవాళా పట్టుకున్నాడో లేదో చూసి, లేకపోతే షాటు ఆపించడం. కెమెరామన్ ఆపితే ఆయనకి పనంటే ప్రాణం అంటారు. వదిన ఆపితే నోరు పెద్దదంటారు, పొగరంటారు, మరీ విసుగొస్తే అడ్డుపుల్ల అంటారు. ఇరవై ఏళ్లుగా ఆ బిరుదులన్నీ మోస్తూనే, మెడలో పెన్ను వేలాడేసుకుని సెట్టంతా తిరుగుతోంది.

ఆ రోజు వదినకు క్యారేజీ ఇవ్వడానికి వెళ్లానా, డాక్టరు వేషగాడు ఎగ్గొట్టాడని నాకు తెల్లకోటు తొడిగేశారు. మొదటి షాటే వదిన ఆపించింది. కుర్చీ జరిగిందట. దర్శకుడు అందరి ముందూ అనేశాడు: "అమ్మా, ఇవాళ ఇంకోసారి నోరు తెరిచారంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

మా అన్నయ్య వ్యాపారాల పుణ్యమా అని ఇల్లు గడిచేది వదిన ఉద్యోగం మీదే. పెదవులు బిగించి స్టూలు మీద కూర్చుంది.

తరవాతి షాటు అయిపోగానే అందరూ ఆమె ముఖం చూశారు. వదిన పుస్తకంలో ఏదో రాసుకుంది, అంతే. హీరోకి చెమటలు పట్టాయి. హీరోయిన్ వాచీని ఈ చేతికీ ఆ చేతికీ నాలుగుసార్లు మార్చుకుంది. మధ్యాహ్నం, నిన్నటి సీనులో మెట్ల మీంచి పడ్డ హీరో కాలికి నేను కట్టు కట్టాలి. ఏ కాలో ఒక్కరికీ గుర్తులేదు. నేను ఎడమ కాలికి కట్టాను, అతను కుడికాలు కుంటుతూ నడిచాడు. సగం దూరం వెళ్లాక అనుమానమొచ్చి కాలు మార్చాడు. గుమ్మం చేరేసరికి అది అచ్చంగా డాన్సే.

దర్శకుడు తల పట్టుకుని స్టూలు దగ్గరికి వచ్చాడు.

"ఏ కాలమ్మా?"

వదిన పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"నోరు తెరవండమ్మా, మీకు పుణ్యముంటుంది."

"రేపు రావాలా, అక్కర్లేదా?"

"రండి. ఎల్లుండి కూడా రండి," అన్నాడాయన గొణుగుతూ.

"పొద్దున్న మీ గొంతు గేటుదాకా వినిపించింది. ఇదీ అలాగే అనండి."

ఆయన మైకు తెప్పించుకుని మరీ అన్నాడు.

"కుడికాలు," అంది వదిన. ఆ వెంటనే పుస్తకం తెరిచింది. పొద్దుట్నుంచి పదకొండు తప్పులట. ఒక్కొక్కటీ చదువుతుంటే బడిపిల్లల్లా ఎవరి తప్పుకి వాళ్లు చెయ్యెత్తారు.

"ఏడు. డాక్టరుగారు స్టెతస్కోపు తన గుండె మీదే పెట్టుకుని, పేషెంటుకి ఫర్వాలేదన్నారు."

సెట్టంతా గొల్లుమంది. నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వు సగంలో ఉండగా ఆ డాక్టరెవరో గుర్తొచ్చింది.