బావ జీపులో టిక్కు టిక్కు

పొద్దున ఇస్నాపూర్ చౌరస్తాల చాయ్ తాగుతుంటే పక్కన ఒక పాత వ్యాన్ వచ్చి ఆగింది. ఇంజన్ల టిక్కు టిక్కుమని చప్పుడు. డ్రైవర్ ఇంక దిగనే లేదు, ఎదురుంగ షెడ్డు ముందర కూసున్న మెకానిక్ అక్కడి నుంచే చెయ్యి ఊపి, "ఇంజన్ బోరుకొచ్చింది, లోపటంత అరిగిపోయింది, దించాలె" అన్నడు. బోనెట్ లేపలే. ఆయిల్ చూడలే. బండి ఎన్నాళ్లు ఊకే పడి ఉండెనో ఒక్క మాట అడుగలే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చాయ్ సగంల విడిచిపెట్టి పోయి, "చూడకుండ ఎట్ల చెప్తవయ్యా?" అని అడిగిన. "మీకెందుకు పెద్దాయనా, నాకు టైం లేదు" అన్నడు. నాకెందుకా? చెప్త వినుండ్రి.

మా బావ, అంటే మా పెద్దక్క పెనిమిటి, లక్డారంల ఎవసం చేసుకుంటనే జీపు నడిపిండు. పటాన్‌చెరు కంపెనీలల్ల షిఫ్టు దిగినోళ్లను ఊర్లల్ల దించేటోడు. ఆ జీపు సీట్లకు డీజిల్ వాసన, మందుల కంపెనీ వాసన, చెమట వాసన అన్నీ కలిసి పట్టి ఉండేవి, ఎంత కడిగినా పోయేవి కావు. ఇంజన్ చప్పుడు మీదికెల్లి మాట్లాడి మాట్లాడి బావ గొంతు ఎట్లయిందంటే, ఇంట్ల ఉప్పు అడిగినా పక్క గల్లీకి వినపడేది. పక్షవాతం వచ్చి ఆ గొంతే పోయింది. కుడి చెయ్యి పడిపోయింది. జీపును రేకుల కింద పెట్టి పరదా కప్పిండ్రు, బావను దానికి ఎదురుంగ వాకిట్ల కుర్చీల కూసోబెట్టిండ్రు. చుట్టాలు వచ్చేటోళ్లు, చెప్పులు గూడ విడువకుండ నిలబడి "ఎట్లున్నవ్ అన్నా" అని చెవుల కాడ అరిచేటోళ్లు. మాట పోయింది గని ఆయనకు చెవులేడ పోయినయ్? జవాబు రాదు గద, అటే పోయేటోళ్లు.

కొన్నేండ్లకు బావ కర్ర పట్టుకొని నాలుగడుగులు ఏసే కాడికొచ్చిండు. ఇగ రోజూ జీపును చూపిచ్చుడే, దాంట్ల ఎక్కియ్యమని సతాయించుడే. మా అల్లుడు, అంటే వాళ్ల కొడుకు, తండ్రి పోరు పడలేక పరదా తీసి స్టార్ట్ చేస్తే టిక్కు టిక్కుమన్నది. హైవే మీది పెద్ద షెడ్డాయనను పిలుచుకొచ్చిండు. ఆయన జేబులకెల్లి చేతులు తియ్యకుండ విని, ఇంజన్ పోయింది, పాత ఇనుము కొనే కబాడోళ్లకు ఇచ్చెయ్యుండ్రి అని చెప్పి పోయిండు. అక్క నాకు ఫోన్ చేసింది. "తమ్మి, సోమారం కబాడోళ్లు వచ్చి జీపును కొంటవోతరట. మీ బావ పొద్దటి సంది ముద్ద ముట్టలే."

నా సర్వీసంతా మందుల కంపెనీల కంప్రెసర్ల కాడనే గడిచింది. మెషిన్ చప్పుడు చేస్తే ముందు ఏడికెల్లి వస్తుందో చూస్తం, తరువాతనే నోరు తెరుస్తం. పోంగనే జీపు స్టార్ట్ చెయ్యమన్న. కుర్చీల బావ ఎడమ చేతి వేలితోటి కుర్చీ చెయ్యి మీద కొడుతున్నడు. "పొద్దటి సంది గదే పని మామా, నాయిన బుర్ర జెర తప్పింది" అన్నడు అల్లుడు. నేను ఆ వేలునే చూసిన. టిక్కుకు ఒక దెబ్బ, టిక్కుకు ఒక దెబ్బ. రేస్ ఇయ్యమన్న. చప్పుడు జల్దీ అయింది, వేలు గూడ జల్దీ అయింది. అప్పుడు బావ నన్ను చూసి వేలు పైకి లేపిండు. మళ్ల కిందికి చూపిచ్చి, కాదని తల ఊపిండు.

పొడుగు స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజన్ పైమూత మీద ఆనిచ్చి, పిడి చెవికి పెట్టుకున్న. టిక్కు అక్కడనే ఉన్నది, చెవిల సూది గుచ్చినట్టు. కింద పెట్టి విన్న, ఏం లేదు. ఇంజన్ బోరుకొస్తే కింద దబ్బు దబ్బుమని మొద్దు చప్పుడు రావాలె. ఇది పైన వాల్వుల కాడి సంగతి. "మీ నాయిన పొద్దటి సంది నీకు ఇదే చెప్తున్నడు రా" అని అల్లుని మీద అరిచిన. నా గొంతు పక్క గల్లీకి వినపడి ఉంటది.

పైమూత తీస్తే లోపట ఆయిల్ నల్లగ, చింతపండు పిసికినట్టు ఉన్నది. అది దారికి అడ్డం పడి పైకి ఆయిలే ఎక్కుతలేదు, వాల్వులు ఎండి కొట్టుకుంటున్నయ్. కదలని బండిల ఆయిల్ గిట్ల ఎందుకైతదని నేను పరేషాన్ అయితుంటే అక్క వంటింట్ల నుంచి వచ్చింది. "కదలకేంది? ప్రతి శుక్రారం బొట్టు పెట్టి, ఊదుబత్తి తిప్పి, పిలగాడు పనికి పోయినంక నేనే తాళంచెవి తిప్పి ఒక్క నిమిషం నడిపిన. దాని పానం పోవద్దని."

ఇంజన్ వేడెక్కకముందే బంద్ చేస్తే లోపటి తడి లోపటనే ఉండి ఆయిల్‌ను ఖరాబు చేస్తదని మెల్లగ చెప్పిన. అక్క కండ్లు ఎర్రగైనయ్. "ఆ పెద్ద మెకానిక్ నన్ను అడిగిండా? మీల ఒక్కలన్న అడిగిండ్రా ఇన్నేండ్లల్ల?" అన్నది.

ఆయిల్ దారి కడిగి, కొత్త ఆయిల్ పోసి, వాల్వుల సందు సెట్ చేసి మళ్ల స్టార్ట్ చేయిచ్చిన. నేను ఇంజన్ దిక్కు చూడలే, బావ చెయ్యి దిక్కే చూసిన. వేలు లేచి, కొట్టకుండ గాలిల ఆగింది. జెరసేపు విన్నడు. తరువాత అరచెయ్యి మెల్లగ కుర్చీ మీద పెట్టి, "అన్నం" అన్నట్టు నోటి దిక్కు చూపిచ్చిండు.

ఇప్పుడు గూడ అక్క శుక్రారం బొట్టు, ఊదుబత్తి మానలే. గని అల్లుడు బావను ముందర కూసోబెట్టుకొని బొంతపల్లి వీరభద్రుని గుడి దాక పోయొస్తడు, ఇంజన్ మంచిగ కాగాలె గద. ఆ చౌరస్తా మెకానిక్‌కు ఇదంత చెప్దామనుకున్న, ఆయనకు టైం లేకపాయె. ఏండ్లు గడిచినందుకు బండి గని మనిషి గని ఖరాబు కారు, ఒక్క నిమిషం వచ్చి వేడెక్కకముందే మర్లిపోయేటోళ్ల తోటే అయితరు.