వాన మీద రాసిన కథ

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన కొత్తలో నా మొదటి కథ ఒక ఆదివారం సంచికలో అచ్చయింది. అప్పటికి పెళ్లయి కొన్నేళ్లయింది. మర్రిగూడలో మా ఆయనకు విత్తనాలు, ఎరువుల దుకాణం. దాని వెనకే మా ఇల్లు. నడుమ తలుపు పొద్దంతా తెరిచే ఉండేది. అయినా నేను అటువైపు వెళ్లేది చాయ్ ఇవ్వడానికి మాత్రమే.

కథలో ఒకామె పత్తి చేనులో ఒంటరిగా ఉండగా వాన వస్తుంది. ఆమె గుడిసెలోకి పరుగెత్తదు. తడుస్తూ నిలబడి, నెర్రెలు బారిన నేల నీళ్లు తాగడం చూస్తుంది. ఒక మగవాడి చేయి తన మీద పడాలన్న కోరికను అంతకంటే సూటిగా రాసే ధైర్యం నాకు లేకపోయింది. వానను ఎవరు తప్పు పడతారు అనుకున్నాను.

ఎవరూ పట్టలేదు. మా ఆయనైతే మురిసిపోయాడు. ఆ ఏడు తొలకరి కార్తె దాటినా చినుకు లేదు. గింజల కోసం వచ్చిన రైతులను కూర్చోబెట్టి, "మా ఇంటామె రాసింది, జర ఇనుండ్రి" అని ఆ వాన ముక్క గట్టిగా చదివేవాడు. నేను పళ్లెం పట్టుకుని గడపలోనే ఆగిపోయేదాన్ని. నలుగురిలో ఒంటి మీద బట్ట లేకుండా నిలబడ్డట్టుండేది. వెనక్కి తిరిగితే ఎందుకని అడుగుతారు.

"మంచిగ రాసినవు బిడ్డా. గిట్లనే దంచి కొట్టాలె" అన్నాడొక ముసలాయన.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బోనాలకు ఆలేరు నుంచి మా ఆడబిడ్డ వచ్చింది, మా ఆయన చెల్లెలు. నేను బియ్యంలో రాళ్లు ఏరుతుంటే పక్కన కూర్చుని కథంతా చదివింది.

"వదినె, గిది వాన గాదు గదా?"

నా చేతులు ఆగిపోయాయి.

"ఎవలు వదినె?" అంది గొంతు తగ్గించి.

"ఎవ్వలు లేరు. ఉంటే కథెందుకు రాస్త?"

ఆమె తెరిచిన తలుపు వైపు చూసింది. అవతల వాళ్లన్న ఎవరితోనో బేరమాడుతున్నాడు.

"మా అన్నకే చెప్పరాదూ?"

"ఏమని చెప్పాలె?"

ఆమె చాట తన వైపు లాక్కుని తానూ ఏరసాగింది.

తర్వాతి కథలో ఏదీ దాచకూడదనుకున్నాను. 'ఆమెకు అతన్ని ముట్టుకోవాలనిపించింది' అని రాశాను. రాసిన వెంటనే ఆ వాక్యం మా ఆయన గొంతులో, అంతమంది మధ్య వినిపించినట్టయింది. కొట్టేశాను. కానుగ పూలు రాలి చెట్టు కింద నేలే కనిపించడం లేదని రాసి పంపాను.

"ఈపారి పూల మీద రాసినవా? మంచిగుంది" అన్నాడాయన, పేపరు తీసుకుని దుకాణంలోకి పోతూ.

ఆ సాయంత్రం ఆలేరు నుంచి ఫోన్ వచ్చింది.

"చదివిన వదినె" అంది ఆడబిడ్డ.

  ఎవరమూ ముందుగా ఫోన్ పెట్టేయలేక చాలాసేపు చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాం.