తలగుడ్డ లేని రోజు

కన్నమ్మాళ్ పన్నెండేళ్లుగా రాజపాళయంలో పొన్నుసామి జిన్ను మిల్లులో, గింజలు తీసే యంత్రాలకు పత్తి అందిస్తోంది. అన్నేళ్లూ ఆమె భయమంతా ఒక తోలు బెల్టంటేనే. ఇంజను నుంచి జిన్నులను తిప్పే ఆ బెల్టు ఆడవాళ్ల వీపు వెనక జానెడు దూరంలో పోతుంది. పోయిన ఏడు ఆమె పక్కనే పత్తి అందించే బొమ్మి జడ అందులో చిక్కింది. ఇంజను ఆపండని అరిచేలోపే అంతా అయిపోయింది. అప్పటినుంచి ఆడవాళ్లెవరూ జుట్టు ముడేసి, తలగుడ్డ బిగించి కట్టుకోకుండా లోపల అడుగు పెట్టరు. బెల్టుకు మాత్రం ఒక తడిక ముక్కైనా అడ్డం పెట్టలేదు, పొన్నుసామి మహానుభావుడు!

1938లో కొత్త శాసనసభ మెంబరు ఊరికి వస్తున్నాడని తెలిసి పత్తి వ్యాపారుల సంఘం ఒక మహజరు, అదే అర్జీ, రాసుకుంది. రైలు పెట్టెలు ఎక్కువ కావాలి. పత్తి మీద పన్ను తగ్గాలి. తళవాయిపురం దారికి కంకర పడాలి. ఈ మూడూ న్యాయమే, ఎవరు కాదంటారు? నాలుగోది ఉంది చూశారూ, బెల్టులకు కంచె కట్టాలన్న చట్టం చిన్న మిల్లులకు వద్దట! సంఘం కార్యదర్శి ఇంకెవరు, పొన్నుసామే.

"కన్నమ్మా, మెంబరు అడిగితే మాకు బయమేమీ లేదయ్యా అని చెప్పు, సాలు," అన్నాడు ఆమెతో. "చెప్తివా, నీ కూతురికి బొమ్మి జాగాలో పని ఇస్తాను. లేదంటే ఇద్దరూ సత్రపట్టికి పోయి కలుపు తీసుకోండి."

"సరి, మొదలాళీ," అంది యజమానితో.

ఇంకేమంటుంది? మొగుడు లేడు, సెంటు భూమి లేదు. కానీ బొమ్మి జాగాలో కూతురు పూంగొడా!

మెంబరు వచ్చే రోజు పొద్దున పొన్నుసామి గుమ్మంలోనే ఇంకో హుకుం జారీ చేశాడు.

"ఆ తలగుడ్డలు ఏమిటికి, సావింటికి వచ్చినట్టు? తీసేయండి. జడలేసి పూలు పెట్టుకోండి."

పదహారేళ్ల పూంగొడి సంబరంగా మల్లెపూలు ముడుచుకుంది.

మెంబరు మిల్లుకు వచ్చాక గుమస్తా బాలుసామి మహజరు చదివాడు. నాలుగోది రాగానే మెంబరు తలెత్తి కన్నమ్మాళ్‌ను అడిగాడు.

"ఏమ్మా, నీకు ఆ బెల్టంటే బయం లేదా?"

"బయమేమీ లేదయ్యా."

నేర్పిన మాట నేర్పినట్టే చెప్పింది. పొన్నుసామి మొహం చేటంతయింది.

"పూంగొడీ, పోయి పత్తి వేసి చూపించు," అన్నాడు.

ఇంజను అందుకుంది. పూంగొడి వంగి లేచేసరికి జడ వీపు మీద ఊగింది. అంతే, కన్నమ్మాళ్ ఎవరినీ అడగలేదు. గబగబా పోయి కూతురి జడ అందుకుని, పిడికిలికి రెండు చుట్లు చుట్టుకుని నిలబడింది. పూలు నలిగి రాలాయి. పూంగొడి "అమ్మా, నొస్తాంది!" అన్నా వదల్లేదు.

మెంబరు ఇంజను ఆపించి ఆమె దగ్గరికి వచ్చాడు.

"బయం లేదంటివే, ఆ జడ ఎందుకు పట్టుకున్నావు?"

పొన్నుసామి వెనక నుంచి కళ్లురిమాడు.

"బొమ్మి జడ నా చేతికి అందలేదయ్యా," అంది.

మెంబరు బాలుసామి చేతిలో కాగితం తీసుకుని, నాలుగోదాని మీద అడ్డంగా గీత గీశాడు.

మర్నాటి నుంచి తల్లీకూతుళ్లకు సత్రపట్టి చేలల్లో కలుపే గతి అయింది. అక్కడ ఇంజనూ లేదు, బెల్టూ లేదు. అయినా ముందు వరుసలో పూంగొడి వంగినప్పుడల్లా కన్నమ్మాళ్ కొడవలి పడేసి ఆ జడ పట్టుకునేది.