బాట మీద పాతిన కడీ

కొన్నేళ్లుగా ఒక అబద్ధం నా గుండె మీద బండలా కూర్చుని ఉంది. అబద్ధాలు నాకు కొత్త కాదు. మూసీలో దూడంత చేపను పట్టి, జాలిపడి వదిలేశానని చెప్పి కోదాడ బస్టాండులో చాయ్ తాగినవాణ్ణి. అవన్నీ నవ్వులతో పోయాయి. ఇదొక్కటే పోలేదు. మీకే చెబుతున్నాను.

నడిగూడెం దగ్గర మా చేనుకు కంచె వేస్తున్న రోజులు. కంచె తీగకు నిలబెట్టే రాతి కడీలు ట్రాక్టరులో తెచ్చి దించాం. మూల నుంచి మూలకు తాడు లాగి, ముగ్గు పోసి, గుంతలకు గుర్తులు పెట్టాను. నేల మెత్తబడాలని సాయంత్రమే నీళ్లు పోశాను. తెల్లారి గడ్డపార వేస్తే మూల గుంతలో బండ తగిలింది. దాన్ని పగలగొట్టే ఓపిక లేక తాడును అవతలికి జరిపాను. అవతల ఉన్నది, ఊరి వరసకు నాకు మామ అయ్యే సైదులు గొర్లు కాలువకు పోయే బాట. బండ ఒక్కటే కారణమా? చేను కాస్త వెడల్పవుతుందన్న ఆశ లేదా? ఉంది.

కడీలు నిలబెట్టాక మామ వచ్చాడు.

"ఏందల్లుడా, బాట మీద పాతినవ్? నా జీవాలు యాడికెళ్లి పోవాలె?"

"నన్నేం జెయ్యమంటవ్ మామా! రాత్రి మైసమ్మ కలలకొచ్చి, నా నెత్తి మీద పాతకురా, జర అవతలికి జరుగు అన్నది. నేను ఇనలే. పొద్దుగాల పార దింపితే ఆ గుంతల ఎర్రగ నెత్తురూరింది, సూడు! అందుకే ఇటు జరిగిన."

ఎర్రమట్టిలో నేను పోసిన నీళ్లే అవి. నవ్వుతాడనుకున్నాను. ఆయన చెప్పులు విడిచాడు.

"అయితే ఇగ ముట్టకు. జీవాలు రోడ్డెంబడి పోతయ్ తియ్యి."

మర్నాడు మూల కడీకి తనే పసుపు పూశాడు. గొర్లు సిమెంటు లారీలు తిరిగే రోడ్డు పట్టాయి. ఒక పొద్దున లారీ మందలోకి దూసుకొచ్చింది. కొన్ని గొర్లు చచ్చాయి, మామ కాలు విరిగింది. దవాఖాన నుంచి వచ్చీ రాగానే, కర్ర పట్టుకుని మా కడీ దగ్గరికొచ్చి, ప్రాణం నిలిపినందుకు అమ్మవారికి కొబ్బరికాయ కొట్టాడు. నా చేతిలో ముక్క పెట్టాడు. తిన్నాను. ఎలా తినగలిగాను?

పీకేద్దామని ఎన్నోసార్లు వెళ్లాను. ఎవరో ఒకరు దండం పెడుతూ కనిపిస్తారు, ఒక్కోసారి మా ఆవిడే. నిజం చెబితే ఇంకో కథ అల్లుతున్నాడంటారు, నమ్మితే ఆ కాలు విరగడానికి కారణం ఎవరో తెలిసిపోతుంది, కడీ పీకితే అమ్మవారినే పీకినవాణ్ణవుతాను, ఊరుకుంటే మామ కుంటుకుంటూ ఆ రోడ్డు మీదే పోతుంటాడు. నా భయం ఆయన గురించా, నా పరువు గురించా? పరువు గురించే.

మైసమ్మ నా కలలోకి రాలేదు. బాట మూసింది నేనే. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. బయట సైదులు మామ గొర్లను రోడ్డు మీదికి తోలుతున్నాడు.