మంచులో నిలబడ్డ ఆయమ్మ

కింద వీధిలో ఎవరో సైకిలుకు గాలి కొడుతున్నారు. ఆ పంపు బుస్సుమనే చప్పుడు చెవిన పడితే చాలు, నేనున్న ఈ బెంగళూరు గది చింతామణిలో కృష్ణప్ప మేష్ట్రు ఇల్లయిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం. కిటికీలకు కట్టిన పాత చీరల్లోంచి ఎర్రగా వడగట్టిన వెలుగు, నేల మీద చాప, చాప మీద ఉడికించిన శెనక్కాయల గిన్నెతో నారాయణమ్మవ్వ. బయట ఎండ మండిపోతుంటే లోపల గోడల మీద టీవీలోని ఏ దేశానిదో మంచు నీలంగా కదులుతూ ఉండేది.

మేష్ట్రు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. అవ్వ ఆయనకు అక్క. తల్లి పోయాక తమ్ముళ్ళిద్దరినీ సాకింది ఆవిడే. చిన్నవాడు శీనప్ప పట్టుగూళ్ళ బేరానికని సైకిలు బస్టాండులో పెట్టి జంగమకోటె బస్సెక్కాడట. మళ్ళీ రాలేదు. వెతకని చోటు లేదు. మేం ఆ పక్కింట్లో దిగేనాటికే అది జరిగి చాలా ఏళ్ళయింది. సైకిలు మాత్రం వసారాలో ఉండేది, ప్రతి ఆదివారం మేష్ట్రు దాని చక్రాలకు గాలి కొట్టేవారు. ఆ తర్వాతే సినిమా. బెంగళూరులో ఉద్యోగం చేసే ఆయన పాత శిష్యుడొకడు విదేశీ సస్పెన్స్ సినిమాల డీవీడీలు తెచ్చిచ్చేవాడు. తెర కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలను మేష్ట్రు అవ్వకోసం తెలుగులో చదివేవారు. డిగ్రీ చదువుతున్న నేను పిలవకపోయినా వెళ్ళి కూర్చునేదాన్ని. శెనక్కాయలున్న చోట నాకు పిలుపుతో పనేముంది!

ఒక ఆదివారం చూసిన సినిమాలో ఒక కుర్రవాడు పడవ దిగి మాయమౌతాడు. అన్న ఊరూరా వెతుకుతాడు. చివరికి చెరువులో మంచు కరిగాక శవం తేలిందని పోలీసు వచ్చి చెప్తాడు, శవాన్ని మాత్రం చూపించరు. గట్టు మీద ఇంకా కరగని మంచులో వాళ్ళమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంటుంది. అక్షరాలు నాకూ అర్థమయ్యాయి. మేష్ట్రు ఒక్క క్షణం ఆగి, నా వైపు చూసి, గొంతు సవరించుకున్నారు. "పిల్లోడు దొరికినాడంటక్కా. ఆయమ్మ సంతోషం పట్టలేక ఏడుస్తాండాది."

"అట్లనా అప్పా," అంది అవ్వ. ఇంకేమీ అడగలేదు.

కొన్ని నెలలకు అదే కథను అమెరికావాళ్ళు మళ్ళీ తీసిన సినిమా వచ్చింది. అందులో కుర్రవాడు నిజంగానే బతికి ఉంటాడు, తల్లి పరుగెత్తుకొచ్చి వాటేసుకుంటుంది. మేష్ట్రు గొంతులో ఎన్నడూ లేని హుషారు. "చూడక్కా, దొరికినాడు! నేను ఆ పొద్దు చెప్పిందే!" అన్నారు.

అవ్వ తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "ఈయమ్మ సంతోషంగానే ఏడుస్తాండాదప్పా. ఆ మంచులో నిలబడిన ఆయమ్మ ఏడుపు ఇది కాదు. ఆ పిల్లోడు సచ్చిపోయినాడు గదా?"

మేష్ట్రు రిమోటు అందుకోబోయారు.

"నాకు అప్పుడే తెలుసు. నువ్వు చెప్పుకోవాలని చెప్తావుంటివి, నేను వింటా కూచుంటి." అవ్వ గిన్నె పక్కన పెట్టింది. "మన శీన గూడా ఇంక రాడప్పా. నేనెప్పుడో అనుకున్నా. నువ్వు ఆ సైకిలుకి గాలి కొడ్తావుంటే చెప్పేకి నోరు రాలేదు."

అక్క తట్టుకోలేదని ఆయన ఇన్నేళ్ళూ భయపడ్డారు. తీరా కుప్పకూలి ఏడ్చింది ఆయనే. అవ్వ ఆయన తల నిమురుతూ చాలాసేపు కూర్చుంది. ఆ నీలం వెలుగు ఇద్దరి మీదా ఆడుతూనే ఉంది. ఏం చెయ్యాలో తోచక నేనూ ఏడ్చాను. నేను లేచి వస్తుంటే అవ్వ వసారా దాకా వచ్చింది. "రేపటి నుంచి ఈ సైకిలు నువ్వు తొక్కుకో తల్లీ. కాలేజీకి నడిచి పోతాండావు గదా."

డిగ్రీ అయ్యేదాకా తొక్కాను. అవ్వ గుమ్మంలో నిలబడి నేను మలుపు తిరిగేదాకా చూసేది. ఇప్పుడు అవ్వ లేదు, మేష్ట్రూ లేరు. సినిమాల కింద తెలుగు అక్షరాలు రాయడమే నా బతుకుదెరువైంది. ఏ సినిమా వచ్చినా ముందు శబ్దం తీసేసి మొహాలు చూస్తాను, ఆ తర్వాతే కలం పడతాను. మొన్న ఆ పని ఇచ్చిన ఒకాయన, "ఆఖర్న ఆ తల్లి మాట కాస్త మెత్తగా రాయమ్మా, మనవాళ్ళు తట్టుకోలేరు," అన్నాడు.

"తట్టుకుంటారండీ," అన్నాను. "మనమే తట్టుకోలేమని, వాళ్ళు తెలిసీ ఊరుకుంటారు."